మాష్టారు దిద్దిన ఉత్తరం

అనగనగా ఒక ఏటిగట్టు. ఆ గట్టుమీద ఒక మగపిల్లల బడి. ఊఁ కొట్టాలి మరి, నేను గోడకి చెప్పుకోవడం లేదు. ఆ బళ్ళో నూరుమంది పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని చదువుకునేవారట. వాళ్ళ మంచీ చెడ్డా చూడ్డానికి ఒక మాష్టారు ఉండేవారు. ఆయన పేరు కామరాజు గారు.

నిక్షేపంలాంటి మనిషి. పిల్లలకి జ్వరమొస్తే తనే కషాయం కాచి పట్టేవారు. శనివారం శనివారం దగ్గరుండి తలంట్లు పోయించేవారు. కానీ ఆయనకొక అలవాటు ఉండేది. అదే కొంప ముంచింది.

ప్రతి ఆదివారం ఉప్మా తిన్నాక పిల్లలందరూ వరండాలో చాపలమీద కూర్చుని ఇంటికి ఉత్తరం రాయాలి. ముందు నోటుబుక్కులో రాసి మాష్టారికి చూపించాలి. ఆయన ఎర్రసిరాతో దిద్దుతారు. అప్పుడు దాన్ని ఇన్‌లాండు కవరుమీద శుభ్రంగా ఎత్తి రాయాలి. తప్పులు దిద్దితే దిద్దుకోనీ, అది ఆయన పని. ఆయన పిల్లల ఏడుపులూ బెంగలూ కూడా దిద్దేసేవారు! "ఎక్కడో దూరాన ఉన్న అమ్మానాన్నల్ని హడలగొట్టడం దేనికిరా?" అనేవారు.

ఆ ఏడు ఆ బళ్ళోకి గవర్రాజు అని ఒక పిల్లాడొచ్చాడు. నీ ఈడే, ఆరో క్లాసు. నాన్న లేడు. తల్లి ఎరకమ్మ రెక్కలు ముక్కలు చేసుకుని ఎకరం పొలం సాగుచేసుకుంటోంది. "నెలాఖరు ఆదివారం చూడ్డానికి వస్తాను నాన్నా" అని చెప్పి వాణ్ణి దింపి వెళ్ళింది. వాడు వేళ్ళమీద రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండేవాడు.

మొదటి ఆదివారం గవర్రాజు "అమ్మా, నాకు ఇక్కడ ఏడుపొస్తోంది" అని రాశాడు. మాష్టారు ఆ ముక్క కొట్టేసి, "నాకు ఇక్కడ హాయిగా ఉంది" అని పెట్టారు. పాపం, పిల్లాడు అలాగే ఎత్తి రాశాడు.

రెండో ఆదివారం "నాతో ఎవరూ ఆడరు. అన్నం దిగడం లేదు" అని రాశాడు. మాష్టారు అదీ కొట్టేసి, "స్నేహితులు చాలామంది ఉన్నారు. కడుపునిండా తింటున్నాను" అని పెట్టారు. అదీ వాడి చేత్తోనే రాశాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారే, వీడు అడిగితే ఆ అడిగిందే కొట్టేశారు కదరా! తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత తల్లి దగ్గర్నుంచి జవాబొచ్చింది. పక్కింటి అమ్మాయిచేత రాయించింది. "నాన్నా, నువ్వు హాయిగా ఉన్నావని విని నా ప్రాణం కుదుటపడింది. ఇక్కడ నాట్లు పడుతున్నాయి. నీకు బాగానే ఉంది గనక ఈ నెల రాను. దసరా సెలవులకి నువ్వే వద్దువుగాని."

అంతే. అప్పట్నుంచి పిల్లాడు నోరు విప్పితే ఒట్టు. నాలుగు రోజుల్లో చిక్కి పుల్లయ్యాడు. మాష్టారు రోజూ దగ్గర కూర్చోబెట్టుకుని "ఏమైందిరా?" అని అడిగారు. కషాయం కాచి పట్టారు. తాగాడు గానీ పలకలేదు.

మూడో ఆదివారం గవర్రాజు నోటుబుక్కులో ఉత్త తెల్లపేజీ తెచ్చి చూపించాడు.

"ఏమీ రాయలేదేంరా?" అన్నారు మాష్టారు.

"మీరే రాసెయ్యండి మాష్టారూ. నేనేం రాసినా మీరు వేరేది రాస్తారుగా" అన్నాడు వాడు.

మాష్టారికి ముందు కోపమొచ్చింది. అప్పుడు నోటుబుక్కులో పాత పేజీలు తిప్పారు. ఏడుపొస్తోందన్న చోట ఎర్రగీత. అన్నం దిగడం లేదన్న చోట ఎర్రగీత. తను ఇన్ని రోజులు అడుగుతున్నదానికి పిల్లాడు ఎప్పుడో జవాబు రాసిపెట్టాడు. ఆయనకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిరగాలి మరి!

అప్పుడు ఆయన వాడి పక్కన చాపమీద కూర్చుని తనే ఒక ఉత్తరం రాశారు. "అమ్మా ఎరకమ్మా, మీ అబ్బాయి ఇక్కడ బాగా లేడు. అన్నం తినడం లేదు. మీ మీద బెంగ పెట్టుకున్నాడు. వాడు ఉన్నమాటే రాశాడు, నేనే కొట్టేశాను. తప్పు నాది. వెంటనే రండి."

రాసి, కలం వాడి చేతికిచ్చారు. "చదువు నాన్నా. ఇందులో సరిగ్గా లేనిది నువ్వే కొట్టెయ్" అన్నారు.

గవర్రాజు ఒకసారి చదివాడు. రెండోసారి చదివాడు. మూడోసారి చదివి భోరుమన్నాడు. మాష్టారు ఊరుకోమనలేదు, ఏడవనిచ్చారు. ఆ తర్వాత వాడు ముక్కు తుడుచుకుని కలం పట్టాడు. "వెంటనే" అన్న మాట కొట్టేసి, పైన "నాట్లు అయ్యాక" అని రాశాడు.

"అదేంట్రా, ఏడుపొస్తోందన్నావుగా?" అన్నారు మాష్టారు.

"అమ్మ ఒక్కర్తే మాష్టారూ. ఇప్పుడొస్తే నారు ముదిరిపోతుంది. నాకు బాగాలేదని అమ్మకి తెలుస్తుందిగా, చాలు. ఉంటాను."

ఆ మధ్యాహ్నం వాడు మజ్జిగన్నం మారు వడ్డించుకుని తిన్నాడట, నా తండ్రే.

మరి వాళ్ళమ్మ ఆగిందా అంటావా? ఆగుతుందా ఎక్కడైనా! నారు ఇరుగుపొరుగు చేతుల్లో పెట్టి, చీరంచున బురద ఆరకుండానే వచ్చి వాలింది. పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల నిమిరింది. మాష్టారు చేతులు కట్టుకుని నిలబడ్డారు, తిట్లు తప్పవనుకుని. ఆవిడ తిట్టలేదు.

"బాబూ, వాడు నవ్విన నవ్వులు మీ దగ్గరే ఉంచుకోండి. ఏడుపు మటుకు నాకు పంపండి" అంది.

కథ నడిచింది కంచికి,
విన్నది మన మంచికి,
పద నాన్నా మంచానికి.