తిప్పక్క ఎత్తుకుపోయిన తెడ్డు

ఊఁ కొట్టేవాళ్ళుంటేనే చెప్తా. కునికేవాళ్ళు ఇప్పుడే లేచి పోయి పడుకోండి, నాకేం కోపం లేదు. ఉన్నారా? సరే, వినండి.

అనగా అనగా, మీ తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, ఎర్రదిన్నె అని ఒక ఊరు. వాన పడితే జొన్న, పడకపోతే దుమ్ము. అంతే ఆ ఊరి సంగతి. ఆ ఊళ్ళో ఒక బడి. బడి అంటే మేడ కాదు, మిద్దె కాదు. నాలుగు గుంజలు, పైన బోదగడ్డి కప్పు. లోపల ఒక అయ్యవారు, ఆయన చుట్టూ ఇసుకలో వేలు పెట్టి అక్షరాలు దిద్దే పిల్లకాయలు.

ఆ బడిని రాజు పెట్టలేదు, మంత్రి పెట్టలేదు, షావుకారు పెట్టలేదు. పిల్లల్ని కన్నవాళ్ళే పెట్టుకున్నారు. అమ్మలూ నాయనలూ ఒకచోట కూర్చుని ఒక కట్టు కట్టుకున్నారు. దానికి బడికట్టు అని పేరు. రోజుకొక ఇంటివాళ్ళు అయ్యవారికి సంగటి చేసి పెట్టాలి. ఎవరి వంతో తెలియాలి కదా, దానికి ఒక తెడ్డు పెట్టుకున్నారు. సంగటి గెలికే తెడ్డు, చింతచెక్కతో చేసింది, మోచెయ్యంత పొడుగు. ఇవాళ వండినవాళ్ళు సాయంత్రం దాన్ని కడిగి పక్కింటి తలుపుకి ఆనించి వస్తారు. పొద్దున ఎవరి తలుపు దగ్గర తెడ్డు ఉంటే వంతు వాళ్ళది. పేచీ లేదు, పంచాయితీ లేదు.

ఈ కట్టుకి పెద్ద హంపన్న. మీసం కంటే మాట బిరుసు. ఒకసారి అన్నాడంటే అన్నాడే, వెనక్కి తీసుకునే అలవాటు ఆ వంశంలోనే లేదు. బడి అంటే మాత్రం ప్రాణం. తను వేలిముద్ర మనిషి, తన చిన్నకొడుకు ఇసుకలో తన పేరు రాసి చూపించిన రోజు గోచీ ఎగ్గట్టి చిందులేశాడంటారు. నేను చూళ్ళేదు, నాకు చెప్పినవాళ్ళూ చూళ్ళేదు.

ఒక యేడు ఏమైందీ? మృగశిర కార్తె వచ్చింది, వాన రాలేదు. ఆరుద్ర వచ్చింది, వాన రాలేదు. పునర్వసు వచ్చింది, వాన రాలేదు. మబ్బు పట్టేది, ఊరించేది, కొండ అవతలికి పోయేది. దాన్ని తిట్టని నోరు లేదు ఆ ఊళ్ళో. బావులు అడుగంటాయి. గొడ్లు బక్కచిక్కాయి. జనం చాపలు చుట్టి, కుండలు సర్ది, వలస పోదామని మూటలు కట్టడం మొదలుపెట్టారు.

హంపన్న బడి ముందు నిలబడి అందర్నీ కేకేశాడు.

"పిల్లల్ని చంకనేసుకోని తలా ఒక దిక్కు పోతే మళ్ళా మనం ఒకచోట చేరేదుందా? బడి మూసిన పొద్దే ఊరు మూసినట్ల. నేను మూయను. వాన పడేదాకా ఈ బడి మూయనంటే మూయను!"

"మూయద్దు సరే, పిల్లోళ్ళ కడుపులెట్ల హంపన్నా?" అంది మస్తానమ్మ. ఆమె దూది ఏకి పరుపులు కుట్టే మనిషి.

"బడిలోనే తింటారు. అయ్యవారికే కాదు, పిల్లకాయలందరికీ పూటకింత అంబలి. కట్టెలు అందురూ తేవల్ల, నీళ్ళు అందురూ మోయల్ల, పిండి మాత్రం వంతు ఇంటోళ్ళది. పిల్లోళ్ళు బడిలో ఉంటే మనం పక్కూళ్ళకి కూలికి పోయి, పొద్దుగూకేసరికి తిరిగి రావచ్చు."

అందరి మొహాల్లోకి కాస్త వెలుగు వచ్చింది. మూటలు విప్పుదామనుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. హంపన్న ఇంకో మాట అన్నాడు.

"వంతు తప్పిన ఇంటి బిడ్డ బడి తప్పినట్లే. ఒకరు తప్పితే ఇంకొకరు తప్పుతారు. అట్ల కట్టు తెగిపోతాది. నా ఇల్లయినా సరే, ఇదే మాట."

అందరూ తలలూపారు.

ఆ బడికట్టులో ఆఖరి ఇల్లు తిప్పక్కది. మొగుడు పోయినాడు, ఒక్కతే కూతురు, పేరు సిద్ధి. ఊళ్ళోవాళ్ళ జొన్నలూ కొర్రలూ దంచి పెట్టి, దంచినందుకు ఇచ్చే గింజలతో బతికేది. మనిషి రోకలంత సన్నం. నవ్వు మాత్రం ఊరంతా వినపడేది. "ఆడపిల్లకి చదువేంటికి మేయ్?" అని ఎవరన్నా అంటే, "నాకు రానిదంతా దానికి రావల్ల, అందుకే" అనేది. కరువొచ్చాక దంచేందుకు గింజ లేదు. రోకలి మూలన పడింది. అయినా తన వంతు వచ్చినప్పుడు అంబలి కాచింది. ఎట్ల కాచిందని ఎవరూ అడగలేదు. అడిగే ఓపిక ఎవరికుంది?

ఒక రోజు మస్తానమ్మ వంతు. హంపన్న పొద్దున్నే బడి దగ్గరికి వస్తే పొయ్యి ముందు మస్తానమ్మ లేదు. తిప్పక్క ఉంది. తెడ్డు పట్టుకుని గిరగిరా గెలుకుతోంది.

"ఏం తిప్పక్కా, ఈపొద్దు మస్తానమ్మ వంతు గదా?"

"ఈపొద్దు నా వంతే గదన్నా! మర్చిపోయినారా అందురూ?"

"నీ వంతు మొన్ననే అయిపాయ కదమ్మా!"

"అయిందా? నాకు లెక్క నిలబడదు లేన్నా. తెడ్డు కనపడింది, తెచ్చుకున్నా. పొయ్యి కూడా అంటించేస్తి. ఇంగ ఏం చేస్తావు?" అని పకపకా నవ్వింది.

కట్టెల మోపుతో వచ్చిన మస్తానమ్మ తల దించుకుని మోపు దింపి వెళ్ళిపోయింది. పాపం, తన వంతు ఎవరో లాక్కున్నారని చిన్నబుచ్చుకుంది అనుకున్నాడు హంపన్న. ఎంత తెలివి చూడండి!

ఇంకో రోజు గాదిలింగ వంతు. గొర్రెలు కాసే గాదిలింగ. ఆ యేడు గొర్రెల్లేవు, ఆయనా కర్రా మిగిలారు. హంపన్న వచ్చి చూస్తే మళ్ళీ తిప్పక్కే, మళ్ళీ గిరగిరా గెలుకుడే.

"మేయ్ తిప్పక్కా! ఈపొద్దు గాదిలింగ వంతు!"

"ఈపొద్దు నా వంతే గదన్నా! మర్చిపోయినారా?"

"నీ ఇష్టమొచ్చినట్ల తెడ్డు ఎత్తుకొస్తే కట్టు ఏం గావల్ల? బుద్ధుందా నీకు?"

"ఉన్నింటే రోకలి పట్టుకుంటానా, నీ మాదిరి కట్టుకి పెద్దనే అవుదును" అంది. పిల్లలు గొల్లుమన్నారు. హంపన్నకి ఒళ్ళు మండింది. గాదిలింగ దూరంగా నిలబడి కాళ్ళకేసి చూసుకున్నాడు.

అప్పటినుంచి పిల్లలు ఆమె కనపడితే చాలు, "తెడ్డు దొంగ! తెడ్డు దొంగ!" అని వెంటపడేవాళ్ళు. ఆమె తెడ్డు ఎత్తి తరిమేది. పెద్దవాళ్ళూ ఊరుకోలేదు. మతి చెడిందన్నారు కొందరు. పేరుకోసం పాకులాట అన్నారు కొందరు. అంబలి మరీ పల్చన, ఇట్లాంటిదానికి దొంగతనం కూడానా అన్నారు ఇంకొందరు. పల్చగా ఉన్నమాట నిజమే. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, దంచి కలిపేది. చెంచలాకు కలిపేది. ఇంకా ఏవో సన్న గింజలు కలిపేది, అవేమిటో ఎవరికీ తెలియదు.

ఒక సాయంత్రం ఆమె బీడులోనుంచి చేటా చీపురూ పట్టుకుని వస్తుంటే హంపన్న ఎదురుపడ్డాడు.

"బీడులో ఏం ఊడుస్తాండావు?"

"చీమలు పుట్ట వాకిట్లో గడ్డిగింజలు ఆరబోసుకోనుండాయన్నా. చేబదులు అడిగినా. వాన పడినాక తీరుస్తానని చెప్పినా. అవి నీ మాదిరి కసురుకోలేదు."

పిచ్చి ముదిరిందనుకుని హంపన్న దారి ఇచ్చాడు.

ఊఁ కొడుతున్నారా? కొట్టండి. ఇప్పుడే అసలు సంగతి.

తెడ్డు తిరిగి తిరిగి హంపన్న తలుపు దగ్గరికి వచ్చింది. ఆ సాయంత్రం హంపన్న పెళ్ళాం ఓబులమ్మ గాదెలోకి చెయ్యి పెట్టింది. దుమ్ము తగిలింది. కుండలో పెట్టింది. ఒట్టి కుండ. జాడీలో పెట్టింది. జాడీ కూడా ఒట్టిదే. పొయ్యి ముందు కూలబడింది.

"పిడికెడు పిండి ల్యాదు. రేపు ఏం చేద్దాం?"

ఎవరినైనా అడుగుదామంటే హంపన్నకి మీసం అడ్డమొచ్చింది. అడగకపోతే తను అన్న మాట అడ్డమొచ్చింది. నా ఇల్లయినా సరే అన్నాడు కదా? కోడి కూయకముందే లేచాడు. కొడుకు చెయ్యి పట్టుకుని బడికి పోవాలి, అందరి ముందూ "మా వాడు ఈపొద్దు నుంచి బడికి రాడు" అనాలి, మూట కట్టుకుని ఊరు విడిచి పోవాలి. అంతే. అనుకుంటుంటేనే కళ్ళనీళ్ళొచ్చాయి. తలుపు తీశాడు.

తలుపు దగ్గర తెడ్డు లేదు.

పరుగెత్తాడు. బడి ముందు పొయ్యి మండుతోంది. తిప్పక్క గెలుకుతోంది. ఎప్పటికంటే చిక్కిపోయింది, ఒక చేత్తో గుంజ పట్టుకుని ఇంకో చేత్తో గెలుకుతోంది.

"ఈపొద్దు నా వంతే గదన్నా" అంది, అతను అడక్కముందే. "మర్చిపోయినావా?"

హంపన్న గుండె కరిగి నీరైపోయింది. కాళ్ళమీద పడదామనుకున్నాడు. ఇంతలో కట్టెలతో నలుగురూ వచ్చారు. నలుగురూ చూస్తున్నారు కదా, మీసం మళ్ళీ లేచింది. "తెడ్డు దొంగా! నా వంతుకే ఎసరు పెట్టినావా?" అని అరిచాడు. అందరూ నవ్వారు. తిప్పక్కా నవ్వింది. ఇంటికి పోయి తలుపేసుకుని, నేనేం మనిషినని తనను తానే తిట్టుకున్నాడు హంపన్న. తిట్టుకోవాల్సిందే. రేపు చెప్తా, రేపు అందరి ముందూ చెప్తా అనుకున్నాడు.

రేపు, రేపు, రేపు అంటూనే రోజులు పోయాయి.

తిప్పక్కకి చలిజ్వరం తగిలింది. జ్వరంతోనే ఇంకోసారి ఎవరింటి ముందునుంచో తెడ్డు తెచ్చింది, అంబలి కాచింది, తెడ్డు కడిగింది. పక్కింటి తలుపుకి ఆనించడానికి లేవబోయి లేవలేక పడుకుంది. తెల్లారేసరికి మనిషి లేదు. ఊరంతా వచ్చి ఏడ్చి, మట్టి చేసి వచ్చారు. ఆ రోజు బడి పొయ్యి వెలగలేదు.

మర్నాడు పొద్దున అందరూ బడి ముందు చేరారు. కట్టెలున్నాయి, నీళ్ళున్నాయి, తెడ్డు లేదు. ఎవరి వంతో తెలియదు. అయ్యవారు పిల్లలకేసి చూస్తున్నాడు, పిల్లలు కుండకేసి చూస్తున్నారు. అప్పుడు సిద్ధి వచ్చింది. తల్లి తెడ్డుని రెండు చేతులతో గుండెకి కరుచుకుని వచ్చింది.

"తెడ్డు మా ఇంట్లో ఉండాది" అంది హంపన్నతో. "అంటే వంతు మాదే గదా. పిండి ల్యాదు మామా. నేను ఈపొద్దు నుంచి బడికి రాకూడదా?"

అబ్బ! ఆ పిల్ల ఏడవనైనా లేదు. నిలబడి అడిగింది.

మస్తానమ్మ ముందుకు వచ్చింది. "అప్పుడు మీయమ్మ మా తలుపుకాడ తెడ్డు ఎత్తుకుపోయిన పొద్దు, మా ఇంట్లో పిండి ల్యాదు పాపా. ఎవురికీ చెప్పల్యా. ముందురోజు మా పొయ్యిలో పొగ ల్యాకపోవడం చూసిందేమో."

"మా ఇంట్లోనూ ల్యాదు" అన్నాడు గాదిలింగ. "నా ఒక్కని గతే అట్లుందనుకున్నా."

"మా ఇంట్లోనూ" అన్నారు ఇంకొకరు. "మా ఇంట్లోనూ" అన్నారు మరొకరు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికి వాళ్ళు తమ ఇంట్లోనే పొయ్యి ఆరిందని సిగ్గుతో చచ్చారు. ఆమె అందరి సిగ్గూ తన నెత్తినేసుకుని, దొంగ అనిపించుకుని నవ్వుతూ తిరిగింది.

అందరూ హంపన్నకేసి చూశారు. మాట వెనక్కి తీసుకోని మనిషి కదా, ఏమంటాడో అని.

"మా ఇంట్లోనూ ల్యాదు" అన్నాడు హంపన్న. "ఆ పొద్దు నన్ను కాపాడిన మనిషిని అందురి ముందర దొంగ అంటి. వంతు తప్పితే బడి తప్పల్లని అన్నింది కూడా నేనే. ఆ మాట ఈపొద్దు ఈ పొయ్యిలో పెడతాండా."

సిద్ధి ముందు మోకాళ్ళమీద కూర్చుని చెయ్యి చాపాడు.

"తెడ్డు ఇట్లియ్యి పాపా. ఈపొద్దు నా వంతే గదా! మర్చిపోయినావా?"

సిద్ధి అప్పుడు ఏడ్చింది. తెడ్డు ఇచ్చి ఏడ్చింది.

హంపన్న చేటా చీపురూ పట్టుకుని బీడుకి నడిచాడు. వెనకే గాదిలింగ, వెనకే మస్తానమ్మ, ఆ వెనక ఊరంతా. తెచ్చిన గింజలు దంచి, మధ్యాహ్నానికి అంబలి కాచారు. పల్చగానే ఉంది, ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు పక్కింటివాళ్ళ తలుపు దగ్గర తెడ్డు లేదు, మస్తానమ్మ ఎత్తుకుపోయింది. ఆ మర్నాడు గాదిలింగ ఎత్తుకుపోయాడు. వాన పడేదాకా ఎర్రదిన్నెలో దొంగలే దొంగలు. బడి మాత్రం మూతపడలేదు. సిద్ధి అందరిళ్ళలోనూ తిని పెరిగింది, పెద్దదై అదే బడిలో పిల్లలకి అక్షరాలు దిద్దించిందని కూడా అంటారు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో పంట కళ్ళానికి రాగానే మొదటి చేటెడు గింజలు చీమలపుట్ట దగ్గర పోస్తారు. తిప్పక్క చేబదులు తీరుస్తున్నాం అంటారు. ఎవరి పొయ్యి ఆరినా అడగరు, పరామర్శించరు. గిన్నె పట్టుకుని వచ్చి, "ఈపొద్దు మా వంతే గదా, మర్చిపోయినారా?" అంటారు. ఆ ఇంటివాళ్ళు కాదనకూడదు. ఇక బిడ్డని మొదటిరోజు బడికి తీసుకొస్తే, పెద్దవాళ్ళు ఆ తెడ్డుని బిడ్డ చేతికి తాకించి ఒక దీవెన ఇస్తారు. "గొప్ప తెడ్డు దొంగవి కా తల్లీ" అంటారు.

కథ అయిపోయింది, పొయ్యిమీద నా ఎసరు కాగింది. మీరూ లేవండి. పోతూ పోతూ పక్కింటి కప్పు మీద పొగ ఉందో లేదో ఒకసారి చూసి పోండి.