పుప్పొడి ముద్ద, గుత్తొంకాయ కూర

పూలకొండ అనే రాజ్యం ఒకటుండేది. ఎక్కడుందని అడక్కండి, నేనూ చూడలేదు. దాన్ని ఏలిన ఉద్దండవర్మకు మనసు మంచిదే గాని, తనకు నచ్చింది లోకమంతటికీ నచ్చి తీరాలనే జబ్బొకటి ఉంది. ఆస్థాన వైద్యుడు శంఖపాణి ఆ జబ్బుకు మందివ్వకపోగా, దాన్ని బాగా మేపాడు.

శంఖపాణి తేనెపట్టుల్లోంచి పుప్పొడి తీయించి, తేనెలో కలిపి ముద్ద చేశాడు. అది కొన్నాళ్లు తిన్న రాజు కోటమెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగాడు. ఇంకేముంది, ఆజ్ఞ బయల్దేరింది. పట్టాభిషేకం పండుగనాడు కొలువులోని ప్రతివాడూ రాజు చేతిమీదుగా నిమ్మకాయంత ముద్ద తినాలి. తిననివాడు పొలిమేర దాటాలి.

కొలువంతా సంబరపడింది. ఒక్క విదూషకుడు మాచన తప్ప. ఒకప్పుడు అడవిలో ఎవరో పెట్టిన పుప్పొడి వేలితో నాకినందుకే అతనికి పెదవులు వాచి, ఊపిరాడక, ప్రాణం పోయినంత పనైంది. ఆ సంగతే వెళ్లి రాజుకు విన్నవించుకున్నాడు.

శంఖపాణి నవ్వాడు. "ప్రభూ, పువ్వులోంచి వచ్చింది ఎవరికైనా చేటు చేస్తుందా? ఇది ఒంటి బాధ కాదు, ఉత్త పిరికితనం."

"మాకు పడింది నీకెందుకు పడదోయ్?" అన్నాడు రాజు. "రేపు తింటావు, లేదా మూటాముల్లే సర్దుకుంటావు."

మాచన ఇంటికెళ్లి కూలబడ్డాడు. తింటే ప్రాణం పోతుంది, తినకపోతే ఊరు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. భార్య పేరిందేవి వంకాయలు కడుగుతూ, "రేపు ప్రతికానుకగా ఏం పట్టుకెళ్తారు?" అని అడిగింది.

పండుగనాడు రాజు చేతిమీదుగా ఏది పుచ్చుకోవాలన్నా, ముందు మన ఇంట వండింది ఒకటి సమర్పించాలి. రాజు అక్కడే రుచి చూడాలి. తాతముత్తాతల నాటి నుంచీ ఏ రాజూ కాదన్నది లేదు.

మాచన వంకాయల వంక చూశాడు. అతని ముఖం వికసించింది. "గుత్తొంకాయ చెయ్యవే. నూనెకు వెనకాడకు."

మర్నాడు అందరూ అరిసెలూ పాయసాలూ తెచ్చారు. మాచన గిన్నె మూత తీశాడు. వాసన సింహాసనం దాకా వెళ్లేసరికి రాజు వెనక్కి జరిగాడు.

"వంకాయ తింటే మాకు ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయని తెలియదా? చిన్నప్పుడు ఒక్క ముక్క తిని వారం గోక్కున్నాం."

మాచన చేతులు కట్టుకున్నాడు. "దేశమంతా తింటోంది ప్రభూ. తోటలో కాసింది ఎవరికైనా చేటు చేస్తుందా? ఇది ఒంటి బాధో, పిరికితనమో వైద్యులవారినే అడగండి."

శంఖపాణి పైకప్పు మీది బొమ్మలు చూడసాగాడు. పిరికితనమంటే తల ఉండదు. ఒంటి బాధంటే నిన్నటి మాట ఉండదు.

"చెప్పవయ్యా," అన్నాడు రాజు.

"ఒకరికి పడింది... ఇంకొకరికి పడకపోవచ్చు ప్రభూ," అని గొణిగాడు వైద్యుడు.

"ఆ ముక్క నిన్నెక్కడికి పోయింది?"

మాచన గొంతు తగ్గించాడు. "మీకు దద్దుర్లతో పోతుంది ప్రభూ. నాకు గొంతే మూసుకుపోతుంది. వేళాకోళం కాదు, నాకు నిజంగానే భయంగా ఉంది."

మాచన నోట భయమనే మాట రాజు ఎన్నడూ వినలేదు. చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. తర్వాత గిన్నె వంకా మాచన వంకా చూసి పకపకా నవ్వాడు. "కూరతో మా నోరు కట్టేశావు గదరా!"

అప్పటికప్పుడు ఆజ్ఞ మారింది. ముద్ద ఇచ్చే ముందు వైద్యుడు ప్రతివాణ్ణీ అడగాలి, తేనెటీగ కుట్టి గాని, పుప్పొడి సోకి గాని ఎప్పుడైనా ఒళ్లు వాచిందా, ఊపిరి బిగిసిందా అని. అవునన్నవాడి దరిదాపులకు అది రాకూడదు. తక్కినవాళ్లయినా ఆవగింజంతతోనే మొదలుపెట్టాలి, అదీ వైద్యుడు పక్కనుండగా. ఊరంతా తిరిగి ఇది చాటే పని శంఖపాణికే పడింది, డప్పుతో సహా.

రాజు మాచన చేతికి బంగారు కడియం తొడిగి, "ఇంకేం కావాలో కోరుకో," అన్నాడు.

"ఆ గిన్నె ఇటిప్పించండి ప్రభూ. నిన్నటినుంచీ భయంతో పచ్చి మంచినీళ్లు కూడా దిగలేదు."

రాజు వేడన్నం తెప్పించాడు. మాచన కొలువులోనే మఠం వేసుక్కూర్చుని లొట్టలేస్తూ తింటుంటే, కాస్త దూరంగా జరిగి కూర్చుని, తనివితీరా చూశాడు.