మంచు కింద గంట

అనగనగా ఒక మంచుకొండ. ఆ కొండ మీద కాపరి లేని ఒక గొర్రెల మంద. చలికాలమంతా కింది లోయలో తలదాచుకుని, మంచు కరిగే రోజుల్లో పై పచ్చికకు ఎక్కడం వాటి అలవాటు.

ఏళ్ళ తరబడి గంటవ్వ అనే ముసలి గొర్రె ముందు నడిచేది. దాని మెడలో ఇత్తడి గంట. ఆ చప్పుడు ఎటు పోతే మంద అటు పోయేది. కిందటేడు కొండ దిగుతుంటే హోరున మంచు కురిసింది. లోయకు చేరాక చూసుకుంటే గంటవ్వ లేదు.

"అవ్వ ఏది?" అని గొర్రెలన్నీ అడిగాయి.

నల్లమూతి అనే గొర్రె ముందుకొచ్చింది. "అవ్వ వెనక్కి తిరిగి పై పచ్చికకే వెళ్ళిపోయింది. వసంతంలో అక్కడ కలుస్తానంది. అందాకా నన్ను ముందు నడవమంది."

అది పచ్చి అబద్ధం. ఆ సంగతి నల్లమూతికి ఒక్కదానికే తెలుసు.

వసంతం వచ్చింది. మంద బయలుదేరింది. నల్లమూతి పక్కనే గంటవ్వ మనవరాలు దూది గంతులేస్తూ నడుస్తోంది. గాలి లేదు. పిట్ట కూత లేదు. ఎటు చూసినా టప్ టప్‌మని నీటిచుక్కల చప్పుడే.

మొదటి మలుపు దగ్గర ఎక్కడో దూరంగా వినిపించింది. ణంగ్.

"అత్తా, అవ్వ గంట!" అంది దూది.

"కాదే, మంచుగడ్డ రాలింది," అంది నల్లమూతి.

రెండో మలుపులో ఈసారి కాళ్ళ కిందనే మోగినట్టయింది. ణంగ్... ణంగ్...

"అత్తా, విన్నావా?"

"రాళ్ళ సందున నీళ్ళే. నడు!" అంది నల్లమూతి.

మూడో మలుపు తిరిగితే వాగు. పైన మంచు తెల్లగా, నున్నగా పరుచుకుని ఉంది. దాని మీదుగా ఇరవై అడుగులేస్తే అవతలి గట్టు. బండల మీదుగా చుట్టి వెళ్తే పూట పడుతుంది. మంచు నడిమధ్య నుంచి గంట ఆగకుండా మోగుతోంది. ఎవరో మెడ ఊపుతున్నట్టే.

"అవ్వ పిలుస్తోంది! ఇదే దారి!" అని మంద సంబరపడింది.

"ఆగండి! అడుగున నీళ్ళు తినేశాయి. అది డొల్ల మంచు," అంది నల్లమూతి.

వంకరకొమ్ము పొట్టేలు దాన్ని ఎగాదిగా చూసింది. "అవ్వ పై పచ్చికకు వెళ్ళిందని నువ్వేగా చెప్పావు? మరి గంట అక్కడెందుకు మోగుతోంది?"

ఈలోగా దూది మంచు మీద ఆరడుగులు వేసేసింది. మంచు హుస్సుమని నిట్టూర్చింది. దూది వెనక సన్నటి నీలి గీత పడింది.

"దూదీ, కదలకు!" నల్లమూతి గొంతు చించుకుని అరిచింది. "అవ్వ పైన లేదు. నీ కింద ఉంది! ఆ రోజు ఇక్కడే కాలు జారి పడిపోయింది. 'నల్లమూతీ, కాస్త ఆగవే' అని మూడుసార్లు పిలిచింది. భయమేసి ఆగలేదు. ఆ తర్వాత ముందు నడవాలన్న ఆశ పుట్టింది. అబద్ధం చెప్పాను. నీ అడుగుల్లోనే అడుగేస్తూ మెల్లగా వెనక్కి రా తల్లీ!"

దూది మెల్లగా వెనక్కి నడిచింది. దాని కాళ్ళు బండను తాకాయో లేదో, మంచంతా ఒక్కసారిగా కూలిపోయింది. లోపల నల్లటి నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. గంట ఒక్కసారి పైకి తేలినట్టు మెరిసి మునిగిపోయింది. చప్పుడు ఆగిపోయింది.

"మూడుసార్లు పిలిచిందా?" అని అడిగింది దూది.

"మూడుసార్లు," అంది నల్లమూతి.

దూది మొహం తిప్పుకుని వంకరకొమ్ము వెనక బండల దారి పట్టింది. మంద వాటి వెంట నడిచింది. నల్లమూతి అందరికన్నా వెనక నడిచింది. అది వస్తోందో లేదో అని ఒక్క గొర్రె కూడా తిరిగి చూడలేదు.

నీతి: అబద్ధం చెప్పడం మన చేతిలో ఉంటుంది, దాన్ని నమ్మినవాళ్ళు ఎక్కడికి పోతారన్నది మన చేతిలో ఉండదు.