చండకేతువు కొత్తపండుగ నేర్చిన కథ

పూర్వం, రాజులు ఒకరి కిరీటాలొకరు లాక్కోవడమే ధర్మమనుకొనే యుగంలో, తూర్పుసీమనంతా బాహుబలంతో గెలుచుకొని, ఓడిన రాజును అడవులకు తరిమి, శత్రుభీకరుడైన చండకేతు మహారాజు విజయోత్సవం చేసుకోగోరి చతురంగబలాలతో వచ్చి చందనగిరి పాదాన విడిది చేశాడు.

ఆ కొండమీద శబరులుండేవారు. పాత రాజు పేరే వారిలో సగంమందికి తెలియదు, ఇక కొత్తవాడి మాట చెప్పాలా! వారి పెద్ద సోమిలి అనే ముదుసలి. ఆమె ఎరిగిన ఏలిక సర్వంసహ అయిన భూదేవి ఒక్కతే. ఏటా మామిడి పండగానే తొలిపండు ఆ తల్లికి పెట్టనిదే ఆ కొండన పసిబిడ్డ సైతం నోట వేసుకోదు. దానినే వారు కొత్తపండుగ అంటారు.

ఆ పండుగ ఇంకా ఎనిమిది రోజులుందనగా, గెలుపుతో కళ్లు నెత్తికెక్కిన చండకేతువు విందుకు పండ్లు కోయించాడు. సోమిలి వద్దని కబురంపినా వినలేదు. తీరా కొరికితే ఏముంది, పండంతా రాయి! ప్రభువులవారి ముందరిపన్ను కదిలింది. పరివారమంతా నవ్వాపుకోలేక తలలు వంచుకొంది. ఇది శబరుల మంత్రమేనని మండిపడి, వారందరూ కొండ దిగిపోవాలని ఆజ్ఞాపించాడు. కులగురువైన పర్ణాశన మహర్షి నచ్చజెప్పిన మీదట పండుగదాకా గడువు మాత్రం ఇచ్చాడు.

సోమిలి గుండె చెరువైంది. పుట్టిన నేల విడిచిపోవడం ఒక దుఃఖం. తాము పోయాక అమ్మకెవరు పెడతారన్నది అంతకు మించిన బెంగ. పండుగనాటి ఉదయం తిన్నగా రాజు గుడారానికి వెళ్లి, భటులు నోరెళ్లబెట్టి చూస్తుండగా అతని చేయి పట్టుకొంది.

“పొమ్మన్నావు, పోతాం నాయనా. ఇకనించీ అమ్మకి నువ్వే పెట్టాల. ఎలాగ పెట్టాలో నేర్పుతాను, రా.”

తిట్టిపోస్తుందనో, కాళ్లమీద పడుతుందనో అనుకొన్న రాజు సిగ్గుతో కిరీటం తీసి పక్కన పెట్టి, ఆమె వెంట కొండెక్కి, పండు ఒలవబోయి రెండుసార్లు జారవిడిచాడు. శబరకాంతలు నోళ్లకు చెంగులు అడ్డం పెట్టుకొన్నారు. మూడోసారి సోమిలి చేయిపట్టి పెట్టించగా, నేల విచ్చుకొని, రత్నగర్భ అయిన ధరణీదేవి మందస్మితవదనయై సాక్షాత్కరించి ఆ పండు అందుకొంది.

“వత్సా, నాకొరకు కత్తి దూసిన రాజులనెందరినో చూచితిని. నాకొక పండు పెట్టిన రాజువు నీవే. వరము కోరుకొనుము.”

చక్రవర్తిత్వం అతని నాలుక చివరనే ఉంది. అయినా చండకేతువు సోమిలివైపు తిరిగి చేతులు జోడించాడు.

“అవ్వా, నాకీ పని ఇంకా చేతకాలేదు. వచ్చే యేడూ నీవే నేర్పవలె. నీవు కొండ దిగిపోతే నేనెవరిని అడుగుదును?”

ఆ వరమే దయచేయుమని దేవిని వేడగా, ఆ తల్లి పరమానందభరితయై, శబరులు ఆచంద్రతారార్కం చందనగిరిమీద ఉండేటట్లు, చండకేతువు వంశపు రాజులు వారి వద్ద కొత్తపండుగ నేర్చిన పిమ్మటనే పట్టం కట్టుకొనేటట్లు అనుగ్రహించి అంతర్ధానమైంది. కొండంతా మామిడిపండ్ల వాసనతో ఘుమఘుమలాడింది.

సోమిలి కళ్లు తుడుచుకొంటూనే నవ్వేసింది.

“నీ చెయ్యి చూస్తే వచ్చే యేటికి పని వచ్చేటట్టు లేదు నాయనా. నీ మనవలదాకా పడతాది” అని, రాజును తన పక్కనే కూర్చోబెట్టుకొని ఆకు వేసింది.