పెసల మూట

వేదవల్లమ్మగారికి ఒక అలవాటు ఉండేది. తర్కం నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఏదైనా అడిగితే, ముందు వాళ్ళ చేతికి ఒక పని ఇచ్చేవారు. హైమ ఆ రోజు అడగడానికి రాలేదు, నిలదీయడానికి వచ్చింది.

“మా అన్నయ్య చెల్లెల్ని కాలేజీలో చేర్చనంటున్నాడు. ఒక్కో సాకూ తీసి పారేశాను. చివరికి ‘నువ్వన్నదే నిజం’ అని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని కూడా చేర్చనంటున్నాడు! చేరే గడువు ఈ వారంతో ఆఖరు. గెలిచిన మాట ఎందుకూ పనికిరాకపోతే మీ తర్కం ఎందుకమ్మగారూ?”

“ఇప్పుడేం చేస్తావు?”

“రేపు వెళ్ళి మళ్ళీ మొదలుపెడతా. ఈసారి ఊపిరి తీసుకోనివ్వను.”

“వెళుదువుగాని. రాత్రి పెసలు నానబోశాను. పొద్దున మొలకలు తిని వెళ్ళు.”

ఆవిడ గిన్నెలోంచి సగం పెసలు తీసి, నీళ్ళు వంపేసి, తడిగుడ్డలో మూటకట్టి కిటికీ చువ్వకు వేలాడదీశారు.

“ఈ ఎండలకు ఆరిపోతాయండీ,” అంది హైమ. “నీళ్ళు తాగే కదా గింజ ఇంత ఉబ్బింది? ఆ నీళ్ళే తీసేస్తే మొలక ఎక్కణ్ణుంచి వస్తుంది?”

“వాదన బాగుంది. మిగతా సగం నీది. నీకు తోచినట్టు చూసుకో.”

హైమ బాగానే చూసుకుంది. గిన్నెలో నీళ్ళు తగ్గాయనిపించినప్పుడల్లా చెంబుతో పోసింది. అమ్మగారు మాత్రం అటుగా వెళ్ళినప్పుడు మూట మీద కాసిని నీళ్ళు చిలకరించారు, అంతే.

మర్నాడు పొద్దున గిన్నె మూత తీస్తే నీళ్ళ మీద నురగ తేలుతోంది. పుల్లటి వాసన. గింజలు వేళ్ళ మధ్య చితికిపోయాయి. మూటలోంచి మాత్రం తెల్లటి మొలకలు గుడ్డను పొడుచుకుని బయటికి వచ్చేశాయి.

“నేనేం తక్కువ చేశాను వీటికి?” హైమ ముఖం చిన్నబోయింది.

“ఊపిరి తీసుకోనివ్వలేదు.”

ఆ మాట ముందురోజు తన నోటినుంచే వచ్చిందని హైమకు కాసేపటికి గానీ తట్టలేదు.

అమ్మగారు ఆవాలూ ఎండుమిర్చీ కరివేపాకూ తాలింపు వేసి, అందులో మొలకల్ని ఒక్కసారి అటూ ఇటూ తిప్పి, కొబ్బరికోరు చల్లి పళ్ళెంలో పెట్టారు. హైమ తినలేదు. వాటిని కెలుకుతూ కూర్చుని, ఉన్నట్టుండి తలెత్తింది.

“అంటే నోరు మూసుకోమంటారు. దాని చదువు పోతుంటే చూస్తూ ఊరుకోమంటారు.”

“ఆ గుడ్డ ముట్టుకుని చూడు. పొడిగా ఉందా?”

హైమ ముట్టుకుంది. తడిగానే ఉంది. పళ్ళెం దగ్గరికి లాక్కుని ఖాళీ చేసింది.

బస్సు వేళయింది. అమ్మగారు మిగిలిన మొలకల్ని అదే గుడ్డలో కట్టి ఆమె చేతిలో పెట్టారు.

“మీ అన్నయ్యకు నీ చేత్తో వండి పెట్టు. దారిలో ఆరనివ్వకు, హైమా. ముంచనూ ముంచకు.”