చౌడమ్మ చుట్టిన కండెలు

గాబ్రియేలు మాస్టారిని ఇంగ్లీషు మాటకు అర్థం అడిగామా, ఇక అంతే సంగతులు. నోటితో చెప్పరు, లేచి చెప్పులు వేసుకుంటారు. చీరాలలో ఆయన దగ్గర చదువుకున్న వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు.

ఉపాధ్యాయ పరీక్షకు చదువుతున్న ఫణీంద్ర ఒక ఉదయం వచ్చి, "మాస్టారూ, వెయిట్ అన్నా ఎక్స్‌పెక్ట్ అన్నా మనకు ఎదురుచూడటమే గదా! వాళ్లకు రెండు మాటలెందుకండీ?" అన్నాడు. ముప్పై ఏళ్లొచ్చినా తొందర తగ్గని మనిషి, జవాబు రాసుకోవడానికి పెన్ను మూత తీసి మరీ నిలబడ్డాడు.

మాస్టారు అతణ్ణి వెనక వీధిలో రామలింగం ఇంటికి తీసుకెళ్లారు. నేత పనిలో రామలింగం అలాంటిలాంటి వాడు కాదు. అలాంటి మనిషికి ఆర్నెల్ల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. సగం నేసిన చీర మగ్గం మీదే ఉండిపోయింది. అతని భార్య చౌడమ్మ రాట్నం ముందు కూర్చుని అతను నేసేటప్పుడు నాడెలో పెట్టుకునే కండెలకు నూలు చుడుతోంది. మగ్గం పక్కన బుట్ట ఎప్పుడో నిండిపోయింది, పట్టని కండెలు నేల మీద దొర్లుతున్నాయి.

ఫణీంద్రకు మనసాగలేదు. "అమ్మా, ఆయన మళ్లీ నేస్తారని డాక్టర్లు చెప్పారా?" అని అడిగాడు.

చౌడమ్మ వసారాలో మంచం వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "ఆ చెయ్యి ఇక రాదని నాకు తెలవదా బాబూ? నేను చుట్టడం మానేస్తే ఆయనకూ తెలిసిపోద్ది."

అంతలో, నూలిచ్చి చీరలు నేయించుకునే షావుకారు మనుషులిద్దరు వచ్చారు. మగ్గం మీద నిలువునా బిగించిన పడుగు దారం షావుకారు ఇచ్చిందే. మిగిలిన దారమంతా కోసుకుపోయి ఇంకో మగ్గానికి అతికిస్తారట. చౌడమ్మ ఒక్క ఉదుటున లేచి మగ్గానికి అడ్డం నిలబడింది. "ఇంకో నెల ఆగండయ్యా, మీకు పుణ్యముంటది" అని రెండు చేతులూ జోడించింది. పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారు? తలలు వంచుకుని నిలబడ్డారు.

అప్పుడు మంచం మీంచి రామలింగం గొంతు వినబడింది. మాట ముద్దముద్దగా ఉన్నా అందరికీ అర్థమైంది.

"కోయనీయవే చౌడీ. నువ్వు నాకోసం చుడతన్నావని తెలిసే, నేను నీకోసం రోజూ రేపు నేస్తా, రేపు నేస్తా అంటన్నా."

చౌడమ్మ పక్కకు తప్పుకుంది. కత్తెర ఆడుతున్నంతసేపూ గోడకానుకుని కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుంది. అయ్యో, ఆ మనిషి పైకి ఏడ్చినా బాగుండేది! ఫణీంద్ర అక్కడ నిలబడలేక వీధిలోకి వచ్చేశాడు.

తిరుగుదారిలో ఫణీంద్ర, "ఆ ఇంట్లో ఉన్నది ఏ మాట మాస్టారూ?" అన్నాడు.

"ఎక్స్‌పెక్ట్ ఆర్నెల్ల నాడే పోయిందయ్యా" అన్నారు మాస్టారు. "ఇవాళ వాళ్లు కోసుకెళ్లింది మిగిలిన వెయిట్‌ని."