తొట్టిలో నీళ్ళు తాగిందెవరు?

ఒకప్పుడు చేపలకు కనురెప్పలుండేవి. మనకున్నట్టే, ఇంకా కాస్త పెద్దవే. మధ్యాహ్నమైతే చాలు, సముద్రంలో చేపలన్నీ రెప్పలు వాల్చి హాయిగా కునుకు తీసేవి.

ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున ఒక పల్లెలో నూకరత్నం అనే ఆవిడ ఉండేది. చెడ్డది కాదు గానీ మహా అనుమానం మనిషి. పొయ్యి మీద కూర మాడితే, తన వెనక ఎవరొచ్చి మంట ఎగదోశారా అని చుట్టూ చూసేది.

ఒకనాడు ఆమె మొగుడి వలలో వేలెడంత పసుపుచారల చేప పడింది. అది బుట్టలోంచి తల ఎత్తి, "అమ్మా, నన్ను పులుసులో వెయ్యకమ్మా! ఒక్క ముద్దకైనా సరిపోను," అంది. నూకరత్నం మనసు కరిగిపోయింది. వాకిట్లో రాతితొట్టి కడిగి, సముద్రపు నీళ్ళు మోసుకొచ్చి నింపింది. నాచు పట్టిన రాయి ఒకటి వేసింది. తోడుగా ఒక బుల్లి పీతనూ వదిలింది. నీళ్ళు ఎంతవరకూ ఉన్నాయో అక్కడ తొట్టికి పసుపు రాసింది.

మర్నాడు చూస్తే నీళ్ళు పసుపుగీతకు రెండు వేళ్ళు కిందికున్నాయి.

"ఎవరో తాగేసినారు!" అని అరిచింది.

"ఉప్పునీళ్ళు ఎవడు తాగుతాడే?" అని నవ్వి మొగుడు వేటకు పోయాడు.

'అదే మరి! తాగనివాడు తాగాడంటే ఏదో ఉంది' అనుకుంది నూకరత్నం. పిల్లిని తరిమింది. మేకను దూరంగా కట్టేసింది. పీతను పట్టి చూసి, "నీ పొట్టేటి, అలా ఉబ్బినాది?" అని నిలదీసింది.

"పుట్టినప్పట్నుంచీ ఇంతేనమ్మా," అంది పీత ఏడుపుమొహంతో.

రోజూ నీళ్ళు తగ్గేవి. రోజూ ఆమె సముద్రానికి వెళ్ళి, కడవెడు నీళ్ళు తెచ్చి గీతదాకా పోసేది. ఇలా నెల గడిచేసరికి నాచు తెల్లబడింది. చేప ఒక పక్కకు ఒరిగిపోయింది.

"అమ్మా, నీళ్ళు మండుతున్నాయి. ఊపిరాడటం లేదు," అంది సన్నగా.

నూకరత్నం వేలు ముంచి నాలుకకు రాసుకుంది. సముద్రం కంటే ఉప్పగా ఉన్నాయి! అంటే దొంగ నీళ్ళు తాగడమే కాదు, ఉప్పు కూడా వేస్తున్నాడన్నమాట.

గోడ అవతల తోటికోడలు అప్పలకొండ ఎండబెట్టే చేపలకు ఉప్పు పట్టిస్తోంది. మోచేతులదాకా ఉప్పే. నూకరత్నానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

"నా సేపకి ఉప్పేసి సంపుతున్నావేటి అప్పా?"

అప్పలకొండ నోరు తెరిచింది. "ఓలమ్మ! నా ఉప్పు సచ్చిన సేపలకే సాలట్లేదు, బతికున్నదానికి ఎందుకేస్తానే?" అని తలుపు వేసేసుకుంది.

ఇక నూకరత్నం చేప దగ్గరే కూలబడింది. "ఈరోజు దొంగ దొరక్కపోతే నువ్వు బతకవు తల్లీ. నాను గుమ్మం సాటున కూకుంటాను. నువ్వు లోపల్నుంచి సూడు. రెప్ప వాల్చొద్దు," అంది.

మధ్యాహ్నమైంది. పల్లె అంతా నిద్రలో ఉంది. గుమ్మం చాటున నూకరత్నం కూడా గురక పెడుతోంది. చేప రెప్పలు బరువుగా వాలిపోతున్నాయి.

"కాసేపు నువ్వు పడుకో, నేను చూస్తాలే," అంది పీత.

చేప దాన్ని ఓరగా చూసింది. అనుమానం అంటుజాడ్యం కదా, దానికీ అంటుకుంది. "నన్ను పడుకోబెట్టి నువ్వు తాగేద్దామనా? అంత మంచిదానివైతే, నీ డెక్కలతో నా రెప్పలు కత్తిరించు."

"మళ్ళీ మొలవవే!"

"ప్రాణం ఉంటే చాలు."

కటుక్కు, కటుక్కుమని రెండు వైపులా కత్తిరించేసింది పీత.

అప్పుడు కనిపించాడు. సూర్యుడు సరిగ్గా తొట్టి మీదకు వచ్చి, వేడి నాలుక చాపి, చప్పుడు కాకుండా నీళ్ళు తాగుతున్నాడు.

"దొంగ! దొంగ!" అని చేప అరిచింది. నూకరత్నం ఉలిక్కిపడి లేచి, చీపురు ఎత్తుకుని సూర్యుడి మీదికే పోయింది.

సూర్యుడు కదల్లేదు. "దొంగనేమిటి? పుట్టినప్పట్నుంచీ సముద్రంలో కూడా తాగుతున్నాను. నాకు కావలసింది తియ్యటి నీళ్ళే. ఉప్పు ఒక్క రవ్వ కూడా ముట్టను, ఎక్కడిదక్కడే వదిలేస్తాను."

"మరి నా తొట్టిలో ఉప్పేసిందెవరు?"

"నేను వదిలిన ఉప్పు మీద రోజూ కడవెడు ఉప్పునీళ్ళు తెచ్చి పోసిందెవరు?"

నూకరత్నం చేతిలో చీపురు జారిపోయింది. ఊరందరినీ అనుమానించింది గానీ తనను తాను ఒక్కనాడూ అనుమానించలేదు.

పరుగెత్తి తోటికోడలి తలుపు కొట్టింది. "అప్పా, తప్పంతా నాదే. మంచినీళ్ళుంటే ఇయ్యి, సేప పోతోంది!"

అప్పలకొండ వెంటనే తలుపు తీసింది. తాగడానికి ఇసుకలో తవ్విన చెలమ నుంచి తెచ్చుకున్న మంచినీళ్ళ కడవ అలాగే ఎత్తుకొచ్చింది. "ముందు కొన్ని ఉప్పునీళ్ళు తోడి పారబొయ్యి. ఇయ్యి మెల్లమెల్లగా పొయ్యి. ఒక్కపాలే పోస్తే అదిరిపోద్ది," అంది. ఇద్దరూ కలిసి చెంబుతో కొద్దికొద్దిగా పోశారు.

సాయంత్రానికి చేప నిటారుగా ఈదింది.

"ఇక కళ్ళు మూసుకుని పడుకో తల్లీ," అంది నూకరత్నం.

చేప మూద్దామని చూసింది. మూయడానికి ఏమీ లేదు. నూకరత్నం తొట్టి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తన అనుమానానికి ఎవరి రెప్పలో పోయాయి.

తెల్లారాక చేపను తీసుకెళ్ళి సముద్రంలో వదిలేసింది. అదేమో ఊరుకుందా? "పైనుంచి ఒకడు రోజూ మన నీళ్ళు తాగేస్తున్నాడర్రా! మనం కళ్ళు మూసినప్పుడే వస్తాడు!" అని సముద్రమంతా చాటింది. చేపలన్నీ బెంబేలెత్తి పీతల ముందు బారులు తీరాయి.

అప్పటినుంచే చేపలకు రెప్పలు లేవు. కళ్ళు తెరుచుకునే నిద్రపోతాయి. ఎవరింట్లోనైనా అద్దాలతొట్టిలో సముద్రపు చేప కనిపిస్తే దగ్గరికెళ్ళి చూడండి. నీళ్ళు వేలెడు తగ్గి ఉన్నాయో, అది సూర్యుడి వైపు చూడదు, ఏ నీళ్ళు తెచ్చి పోస్తారో అని మీ వైపే చూస్తుంది.